షిమోకితాజావాలో దొరికిన నీలి బట్ట

ఒకరు కట్టి విడిచిన బట్టను డబ్బిచ్చి కొనుక్కోవడం మన ఇళ్ళలో ఎవరూ అంత తేలికగా ఒప్పుకోరు. పాత చీరలను స్టీలు సామాన్లవాళ్ళకు వేసి గిన్నె తీసుకోవడమో, మెత్తబడిన నాలుగు చీరలను పొరలుగా పరిచి బొంత కుట్టించడమో మనకు తెలిసిన పద్ధతి. అటువంటి ఇంట్లో పెరిగిన నేను, నవంబరులో టోక్యోకు ఒంటరిగా వెళ్ళినప్పుడు, ఉన్న ఐదు రోజుల్లో మూడు రోజులను పాత బట్టల దుకాణాలకే కేటాయించాను. అక్కడ వాటిని ‘ఫురుగి’ అంటారు. అవి ఎంతో ఆదరణ ఉన్న సరుకు. వాటికోసమే పేరుపడ్డ పేటలు ఉన్నాయి.

మొదటి రోజు షిమోకితాజావాకు వెళ్ళాను. షిబుయా నుంచి ఇనోకషిరా లైను రైలులో కొద్ది నిమిషాల ప్రయాణం. ఒకప్పుడు ఆ పేటను రెండుగా చీలుస్తూ నేలమీద నడిచిన ఒదాక్యూ లైను పట్టాలను 2013లో భూమి కిందికి మార్చారు. ఖాళీ అయిన ఆ జాగాలో ఇప్పుడు చిన్న చిన్న దుకాణాలు, నడకదారులు వచ్చాయి. సందులు ఇరుకుగా ఉన్నా నడవడానికి హాయిగా ఉంటాయి. దుకాణాలు చాలావరకు పదకొండు దాటితే తప్ప తెరవరు కనుక పొద్దున్నే వెళ్ళి ప్రయోజనం లేదు. ‘న్యూయార్క్ జో’ అనే దుకాణం పాత స్నానశాల భవనంలో మొదలైంది. జపాను భాషలో స్నానశాలను ‘న్యూయోకు జో’ అంటారని తెలిశాక ఆ పేరు ఎంత ముచ్చటగా కుదిరిందో అర్థమైంది.

ఈ పనికి ఒంటరిగా వెళ్ళడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. పాత బట్టను కళ్ళతో చూస్తే చాలదు. మెడపట్టీ, చంకలు, అంచులు తిరగేసి, కుట్టు వెంట వేలు పోనిచ్చి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. పక్కన ఎదురుచూసే మనిషి ఉంటే ఈ నిదానం కుదరదు. ఈ సంగతిని నేను నష్టపోయి నేర్చుకున్నాను. రెండో రోజు ఒక దుకాణంలో ‘మెయిసెన్’ పట్టు కిమోనో చూసి, దాని రంగులకే మురిసిపోయి, మూసేవేళ అయిందన్న తొందరలో తిరగేయకుండానే కొన్నాను. పడుగు దారాలను తాత్కాలిక పేకతో వదులుగా నేసి, వాటిమీద అచ్చుతో రంగులద్ది, తర్వాత ఆ పేకను తీసేస్తూ అసలు నేత నేస్తారు కాబట్టి మెయిసెన్ పూలకు అంచులు కాస్త చెదిరినట్లు ఉంటాయి. గత శతాబ్దపు తొలి దశాబ్దాలలో అక్కడి ఆడవాళ్ళు వాటిని ఎంతో మోజుగా కట్టుకున్నారు. గదికి వచ్చి భుజంమీద వేసుకోగానే వీపు కుట్టు పక్కన పట్టు జానెడు మేర పర్రుమని చిరిగింది. బట్ట జీవం పోయిందని అమ్మినవారు ఒక్క మాట చెప్పి ఉండవలసిందని ఇప్పటికీ బాధగా ఉంది.

మూడో రోజు ఆదివారం. పాత బట్టలకు పేరున్న మరో పేట కోయెంజీకి వెళ్దామని షింజుకులో చువో లైను వేగపు రైలు ఎక్కితే అది కోయెంజీలో ఆగకుండా ఒగికుబోదాకా తీసుకుపోయింది. శని, ఆదివారాలలో ఆ రైళ్ళు అక్కడ ఆగవు. పసుపు చారల లోకల్ రైలు ఎక్కాలి. కోయెంజీ దుకాణాలు షిమోకితాజావా కంటే నాకు నచ్చాయి, కానీ అక్కడ ఏమీ కొనలేదు. ఒక మగవారి నల్లని ‘హవొరి’ పైకోటును మాత్రం చాలాసేపు పట్టుకుని నిలబడ్డాను. పైన ఏ అలంకారమూ లేని ఆ బట్టను తెరిస్తే, లోపలి అస్తరు నిండా పైన్ చెట్టు కింద నిలబడ్డ కొంగల బొమ్మ ఉంది. తొడుక్కున్నవాడికి తప్ప మరొకరికి కనిపించని చోట ఇంత పనితనం పెట్టించుకున్న ఆ మనిషి ఎవరో అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

సాయంత్రం మళ్ళీ షిమోకితాజావాకే తిరిగి వెళ్ళాను. మొదటి రోజు చూసి వదిలిన ఒక నూలు కిమోనో మనసులోంచి పోలేదు. ముదురు నీలిమీద తెల్లగా బావి ఒర ఆకారం, గడి తర్వాత గడి. ఆ తెల్లని గీతల అంచులు కత్తిరించినట్లు ఉండవు. నీలి తెలుపులోకి వెంట్రుకవాసి జారి ఉంటుంది. దీన్ని ‘కసూరి’ అంటారు. నూలును నేతకు ముందే కట్లు కట్టి రంగులో ముంచితే, కట్టు ఉన్నచోట తెలుపు మిగులుతుంది. ఇది మనకు కొత్త సంగతి కాదు. మా అమ్మది పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం; ఆసు పోసి, చిటికి కట్టి, రంగువేసిన దారాలను మగ్గంమీద ఒక్కొక్కటిగా సరిచేసుకుంటూ నేసిన బట్టల మధ్య పెరిగిన మనిషి ఆమె. సముద్రాల అవతల, నాకు ఒక్క ముక్క కూడా చదవడం రాని ఊరిలో, ఆ చెదిరిన అంచును మాత్రం చదవగలిగాను.

ఈసారి అన్నీ తిరగేసి చూశాను. మోకాలి దగ్గర లోపలివైపు నుంచి నీలి ముక్క వేసి సన్నని కుట్లతో అతికారు. దుకాణంలోని పెద్దావిడ దాన్ని వేలితో చూపించి, తల వంచి, ధర తగ్గించారు. కిమోనో కుట్లన్నీ తిన్ననివే. ముప్పై ఆరు సెంటీమీటర్ల చిల్లర వెడల్పున, పన్నెండు మీటర్ల దాకా ఉండే ఒకే తాను నుంచి దాన్ని కోస్తారు. కుట్లు విప్పి, ఉతికి, మళ్ళీ కుట్టుకోవచ్చు. అరిగిన చోటు లోపలికి పోయేలా ముక్కలను మార్చుకోవచ్చు. ఇక కిమోనోగా పనికిరాదనుకున్నాక అతుకులు వేసి పరుపు గలీబులుగా వాడిన బట్టలూ అక్కడ ఉన్నాయి, మన బొంతలకు దగ్గరి చుట్టాలు.

ఇంటికి వచ్చాక ఆ కిమోనోను అమ్మ చేతిలో పెట్టాను. ఎవరు కట్టుకున్నదో అని అడుగుతుందనుకున్నాను. ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి, బట్టను అటూ ఇటూ తిప్పి రెండువైపులా గళ్ళు ఒకేలా ఉన్నాయని చూసుకుని, తెల్ల గీత చివర గోరు ఆనించి, “ఎన్ని పోగులకు ఒక కట్టు కట్టినరో!” అని, కళ్ళద్దాలు తెమ్మంది.