భీష్ముడు అడిగిన దిండు

గుంటూరు బ్రాడీపేటలో మా వీధి చివర చిన్న రామాలయం ఉంది. భీష్మ ఏకాదశి నాడు సాయంత్రం అక్కడ విష్ణు సహస్రనామ పారాయణ పెడతారు. మోకాళ్ల నొప్పులవాళ్లకి ప్లాస్టిక్ కుర్చీలు, మిగతావాళ్లకి జంపఖానా. పారాయణ అయ్యాక తీర్థం పుచ్చుకుని కాసేపు కూర్చుంటాం కదా, అప్పుడు పెద్దవాళ్ల నోట దానంతటదే వచ్చే శ్లోకం ఇది:

అనాయాసేన మరణం వినా దైన్యేన జీవనం
దేహాంతే తవ సాయుజ్యం దేహి మే పార్వతీపతే

రాముడి గుడిలో కూర్చుని పార్వతీపతిని అడగడమేమిటని ఎవరికీ తోచదు. బాధ లేని చావు, దీనత్వం లేని బతుకు, ఒళ్లు వదిలాక నీలో కలిసిపోవడం. మా అమ్మ ఇదంతా తన భాషలో చెప్పేది: "కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోవాలిరా. ఒకరి చేత చేయించుకోకూడదు."

ఆవిడ కోరిక తీరలేదు. ఎనిమిది నెలలు మంచం మీద ఉంది, అన్నీ మా చేత చేయించుకుంది.

మొన్న పారాయణకి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారు నన్ను పక్కకి పిలిచి అడిగారు. "బ్రిటన్‌లో కామన్స్ సభ 2025 జూన్‌లో 314-291 ఓట్లతో ఆ బిల్లు నెగ్గించింది, చూశారా? నయం కాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్లు చావడానికి డాక్టరు సాయం తీసుకోనిచ్చే బిల్లట. మనం రోజూ దేవుణ్ణి అడిగేదీ అదేగా! మన దగ్గర అలాంటి చట్టం వస్తే తప్పేముంది? ఇవాళ మనం తలుచుకుంటున్న భీష్ముడిదైనా ఇచ్ఛామరణమే కదండీ?"

గట్టి ప్రశ్నే. గుడిలో నాకు మాట తోచలేదు. ఇంటికొచ్చి భీష్ముడి దగ్గరే మొదలుపెట్టాను.

యుద్ధంలో పదో రోజు ఆయన పడిపోయాడు. ఒళ్లంతా బాణాలే, నేల తగల్లేదు. అది దక్షిణాయనం. ఉత్తరాయణం వచ్చేదాకా ఉంటానన్నాడు. యాభై ఎనిమిది రాత్రులు అలాగే ఉన్నాడు. తండ్రి శంతనుడు ఇచ్చిన వరం ఏమిటంటే, నువ్వు ఒప్పుకునేదాకా మృత్యువు నీ దగ్గరికి రాదు అని. ఆ వరాన్ని ఆయన చావుని పిలవడానికి వాడుకోలేదు, ఆపడానికి వాడుకున్నాడు. బాణాల మీద పడుకున్న మొదటి గంటలోనే "ఇక చాలు" అనగలిగినవాడు ఆయనొక్కడే. అనలేదు.

పడ్డ వెంటనే ఏమడిగాడో చూడండి. తల వేలాడిపోతోంది, దిండు కావాలన్నాడు. రాజులు పరుగెత్తి మెత్తటి పట్టు దిండ్లు తెచ్చారు. ఆయన నవ్వి, ఈ పడకకి అవి పనికిరావని అర్జునుడి వైపు చూశాడు. అర్జునుడు మూడు బాణాలు నాటి తలకి ఆనిక చేశాడు. తర్వాత నీళ్లడిగాడు. చల్లటి నీళ్ల కుండలు తెస్తే అవీ వద్దన్నాడు. అర్జునుడు పర్జన్యాస్త్రంతో నేల చీల్చి ధార తెప్పించాడు.

మధ్యలో ఇంకొకటి జరిగింది. బాణాలు పీకడంలో ఆరితేరిన వైద్యుల్ని దుర్యోధనుడు పిలిపించాడు. మూలంలో వాళ్లని శల్యోద్ధరణ కోవిదులు అంటారు. భీష్ముడు వాళ్లకి డబ్బిచ్చి, మర్యాద చేసి పంపించెయ్యమన్నాడు. ఇక నాకు వైద్యం అక్కర్లేదన్నాడు.

వైద్యం వద్దన్నాడు, సేవ కావాలన్నాడు, చావుని మాత్రం తొందరపెట్టలేదు. ఈ మూడూ ఒకటి కావు. మాస్టారు వాటిని ఒకే మూటలో కట్టారు.

మన చట్టం కూడా ఇప్పటికి ఈ తేడా పాటిస్తోంది. జీవించే హక్కులో చచ్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో చెప్పింది. 2018 మార్చి 9న అదే కోర్టు, నయం కాని స్థితిలో వెంటిలేటర్ లాంటివి వద్దనే హక్కు మనిషికి ఉందని, అది ముందే రాసిపెట్టుకోవచ్చని చెప్పింది. 2023లో ఆ పద్ధతిని కాస్త సులువు చేసింది. దాంతో నాకు పేచీ లేదు. వైద్యుల్ని పంపించేసిన భీష్ముడు తప్పు చేశాడని ఎవరంటారు? ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మాత్రం మన దగ్గర ఇప్పటికీ నేరమే. అలాగే ఉండాలని నా ప్రార్థన.

ఎందుకో చెప్పాలంటే అమ్మ సంగతి చెప్పాలి.

రొమ్ము కేన్సర్ ఎముకలకి పాకింది. మొదట చూపించిన ఆసుపత్రిలో "ఇంకేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. నొప్పికి రాసిచ్చింది పళ్లనొప్పికి వేసుకునే మాత్ర. పక్క మార్చితే అరుపు, మార్చకపోతే వీపు మీద పుండ్లు. రోజుకి ఇరవైసార్లు ఒకటే మాట: "నన్ను తీసుకుపోరాదా స్వామీ." ఉగాది వెళ్లిన వారం, ఓ రాత్రి కరెంటు పోయింది. నేను విసనకర్రతో విసురుతున్నాను. తెల్లవారుజామున మూడింటికి నేనూ అదే అనుకున్నాను, తీసుకుపో స్వామీ అని. అమ్మ కోసం అనుకున్నానో, నా నిద్ర కోసం అనుకున్నానో ఈనాటికీ తేల్చుకోలేను. ఆ రాత్రి ఎవరైనా వచ్చి, చట్టం ఒప్పుకుంది, ఇక్కడ సంతకం పెట్టండి అని ఉంటే పెట్టేసేవాణ్ణి. ఆ చట్టమంటే నాకు భయం అందుకే. డాక్టర్ల మీద అనుమానంతో కాదు.

తర్వాత రెండు వారాలకి అక్కయ్యకి తెలిసిన ఒక నర్సు పుణ్యమా అని పాలియేటివ్ డాక్టరు దగ్గరికి వెళ్లాం, అంటే జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే డాక్టరు. మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టారు. గట్టి నొప్పికి ఇచ్చే మందు, నల్లమందు నుంచి వచ్చేది. 1985 మత్తుమందుల చట్టం దెబ్బకి మన దేశంలో ఆ మందు ఏళ్ల తరబడి రోగులకి అందకుండా పోయింది. 2014 సవరణ తర్వాత నిబంధనలు సడలించినా, ఇప్పటికీ గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లోనే దొరుకుతుంది. మూడో రోజుకి అమ్మ పెసరపచ్చడి అడిగింది. వారానికి మా ఆవిడ మీద కోప్పడింది, కాఫీ చల్లారిపోయిందని. తీసుకుపో అనడం పూర్తిగా మానలేదు, అబద్ధం చెప్పను. కానీ ఆ మాటలో అరుపు పోయింది. గుడిలో శ్లోకం చదివినట్టుగా అనేది.

దేవుడికి చెప్పుకునే మాట అది. రోజుకి ఇరవైసార్లు చెప్పుకున్నా ఆయన ఏ మాటా పట్టి రాసుకోడు. దాన్నే దరఖాస్తు ఫారం చేస్తే ఎవరో ఒకరు రాసుకుంటారు.

కెనడాలో 2016లో ఇలాంటి చట్టం వచ్చినప్పుడు, మరణం దగ్గరపడినవాళ్లకే అన్నారు. 2021లో ఆ షరతు తీసేశారు. 2023 ఒక్క ఏడాదిలో 15,343 మంది ఆ దారిన పోయారు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం ఏటా ఇచ్చే నివేదికల్లో, ఇంట్లోవాళ్లకి భారమవుతున్నామన్న బాధ కూడా ఒక కారణంగా కనిపిస్తుంది. అక్కడ పింఛన్లున్నాయి, బీమా ఉంది. మన ఇళ్లలో ఆయా జీతం ఈ నెల ఎవరి వంతు, ఇల్లు ఎవరి పేరున రాశారు, లాకరు తాళం ఎవరి దగ్గరుంది అన్న మాటలు మంచం పక్కనే నడుస్తాయి. మంచంలో ఉన్నవాళ్లకి చెవులు బాగానే పనిచేస్తాయి. అంత దూరం వెళ్లక్కర్లేదు, తమిళనాడు దక్షిణ జిల్లాల్లో ముసలివాళ్లకి తలంటి, కొబ్బరినీళ్లు తాగించి సాగనంపే తలైకూత్తల్ అనే ఆచారం ఉంది. ఏ చట్టమూ ఒప్పుకోకపోయినా జరుగుతోంది. ఇక చట్టమే ఒప్పుకుంటే?

అలాగని అన్నింటికీ నా దగ్గర జవాబుందని కాదు. 2004లో హైదరాబాద్‌లో కండరాలు క్షీణించే జబ్బుతో ఉన్న ఒక కుర్ర చెస్ ఆటగాడు, అవయవాలు దానం చేసేలా తనను పోనివ్వమన్నాడు. తల్లి హైకోర్టుకి వెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు. ఆ తల్లి ఎదురుగా నిలబడి ఇదంతా చెప్పమంటే నాకు నోరు రాదు.

ముంబయి కెఈఎం ఆసుపత్రి నర్సులు మాత్రం ఎప్పుడూ గుర్తొస్తారు. 1973లో దాడికి గురై స్పృహలో లేకుండా పోయిన తమ తోటి నర్సు అరుణా శాన్‌బాగ్‌ని 2015లో ఆమె పోయేదాకా చూసుకున్నారు. ఆమెకి ఆహారం ఆపేయాలని ఒకరు సుప్రీంకోర్టుకి వెళ్తే, మేం చూసుకుంటాం అన్నారు వాళ్లు. 2011లో కోర్టు వాళ్ల మాటే విన్నది. అందులో తొలిరోజుల్లో డ్యూటీ చేసినవాళ్లు రిటైరై వెళ్లిపోయారు, వాళ్ల తర్వాత ఉద్యోగంలో చేరినవాళ్లు అందుకున్నారు. వాళ్లలో ఎంతమంది అర్జునులున్నారో.

శ్లోకంలో రెండో ముక్క, వినా దైన్యేన జీవనం, మనం గబగబా దాటేస్తాం. నాకిప్పుడు దైన్యమంటే ఒకరి చేత చేయించుకోవడం అనిపించదు. అడిగినప్పుడు దిండు సర్దేవాళ్లు లేకపోవడం అనిపిస్తుంది. అమ్మకి ఈ అర్థం చెబితే ఒప్పుకునేది కాదనుకోండి.

అమ్మ ఉత్తరాయణంలో పోలేదు. శ్రావణంలో, దక్షిణాయనంలోనే పోయింది. అంతకు నాలుగు రోజుల ముందు, బయట వాన పడుతుంటే, కిటికీ వైపు తిప్పమంది. నేనూ మా ఆవిడా దుప్పటి కొసలు పట్టుకుని మెల్లగా తిప్పాం. మోకాళ్ల మధ్య ఒక దిండు, వీపుకి ఒకటి. తల కింద బూరుగుదూది దిండు అణగారిపోయి ఉంటే తీసి నాలుగు దెబ్బలు కొట్టి పెట్టాను. చెంచాతో నీళ్లు పోస్తే రెండు గుక్కలు తాగింది.

"ఇంకాస్త పైకి పెట్టరా" అంది.

పెట్టాను.

"ఆఁ. ఇప్పుడు బావుంది."