నాన్నని తీసేయమన్నారు

టూసాన్, అరిజోనా. ఫిబ్రవరి, మంగళవారం. రాత్రి పన్నెండు దాటింది కాబట్టి నిజానికి బుధవారం.

ఎడారి కదా అని పెట్టెలో ఒకే ఒక్క స్వెటరు వేసుకొచ్చినందుకు ఈ నెలంతా పొద్దున్నే నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఎనిమిదింటికి లైబ్రరీలో డ్యూటీ. లాప్‌టాప్‌లూ చార్జర్లూ అరువిచ్చే కౌంటరు. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి ఇరవై గంటలు మించి పని చెయ్యకూడదని వీసా నిబంధన. ఆ ఇరవై దొరికితే కదా మించడానికి! నాకు పద్నాలుగే.

దారిలో నారింజ చెట్లు. క్యాంపస్‌లో చాలాచోట్ల ఇవే. గుత్తులు గుత్తులుగా పండి రాలిపోతున్నా ఎవరూ పెద్దగా ముట్టుకోరు. కొత్తవాళ్ళు కమలాలనుకుని ఒలిచి, ఒక్క తొన నోట్లో వేసుకుని మొహం మాడ్చుకుంటారు. పోయిన నెల నేనూ మాడ్చుకున్నాను. తర్వాత వెలిగింది, ఇవి మన నారింజకాయలేగా, అమ్మమ్మ పులిహోరలోకి పిండేవి! ఇవాళ చెట్టు కింద మంచివి నాలుగు ఏరి బ్యాగులో వేసుకున్నాను.

కౌంటర్లో కాస్త ఖాళీ దొరికి మార్కులు చూసుకున్నాను. ఇవాళ్టి తలనొప్పి అక్కడ మొదలైంది.

సిస్టమ్స్ అనాలిసిస్‌లో ముగ్గురేసి టీములుగా ఒక ప్రాజెక్టు. మనకి బాగా తెలిసిన పని ఏదైనా తీసుకుని అది ఎలా జరుగుతుందో బొమ్మ గీయాలి. స్విమ్ లేన్ డయాగ్రమ్ అంటారు. కాగితం మీద అడ్డంగా వరసలు కొట్టి, మనిషికో వరస ఇచ్చి, ఎవరి పని వాళ్ళ వరసలో గడి కట్టి రాయడమే. ముందు ఇప్పుడు జరుగుతున్నట్టు గీసింది యాజ్-ఈజ్. తర్వాత మనం బాగుచేసి గీసేది టు-బి. మా టీములో తైవాన్ అమ్మాయి ఆస్పత్రి ఓపీ చేద్దామంది, ఇక్కడి అబ్బాయి కార్ల రిపేరు షాపన్నాడు. నేను మా ఊళ్ళో పొలం రిజిస్ట్రేషనన్నాను. నాదే నెగ్గింది. అదేమిటో వాళ్ళిద్దరికీ అర్థం కాకపోవడమే కారణమనుకుంటా.

మా నాన్న డాక్యుమెంట్ రైటరు. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా చిన్న గది, ఒక జిరాక్సు మిషను, ఒక కంప్యూటరు, బయట బెంచీ. నా ఫీజులన్నీ ఆ గదిలోంచే వచ్చాయి. ఈసీ (పొలం మీద అప్పులూ పాత అమ్మకాలూ చూపే కాగితం) తీయించడం, లింకు డాక్యుమెంట్లు తిరగేయడం, మార్కెట్ విలువ చూసి స్టాంపు డ్యూటీ లెక్కగట్టడం, చలానా కట్టించడం, దస్తావేజు రాయడం, సాక్షులకి కబురంపడం, స్లాటు తీసుకోవడం, అన్నీ ఆయనే. వివరాలు ముందుగా ఆన్‌లైన్లో ఎక్కించాలి, దాని పేరు పబ్లిక్ డేటా ఎంట్రీ. పబ్లిక్కు బెంచీ మీద కూర్చుని టీ తాగుతుంటే కీబోర్డు మటుకు నాన్న చేతిలో ఉంటుంది. మేం గీసిన యాజ్-ఈజ్‌లో మొత్తం పందొమ్మిది గడులుంటే పదకొండు ఆయన వరసలోనే పడ్డాయి.

దాని మీద, మా పేపర్లు దిద్దే టీఏ రాసిన ముక్క ఇది: 'చాలా బాగుంది. ఈ మధ్యవర్తి వల్ల అదనంగా వచ్చే విలువేమీ లేదు. టు-బిలో ఈ లేన్ తీసేయండి.' గడువు ఈ రాత్రి 11:59.

ఆ లేన్లో కూర్చున్నది మా నాన్నని ఆయనకేం తెలుసు పాపం.

రూమ్మేటుకి మెసేజ్ పెట్టాను. తనది కరీంనగర్. 'గదేంది, మార్కుల కోసం మీ బాపును పీకేస్తవా?' అని పక్కన పది నవ్వు బొమ్మలు పెట్టింది.

అసలు నేనీ మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చదువులోకి వచ్చిన కారణం కూడా గొప్పదేం కాదు. బీటెక్ అయ్యాక కోడింగు నాకు ప్రాణం లేచొచ్చే పనేమీ కాదని తెలిసిపోయింది. కన్సల్టెన్సీలో ఆయన, 'ఎమ్మైయెస్ తీసుకో అమ్మా, ఇదీ సైన్సు, టెక్నాలజీల స్టెమ్ లెక్కలోదే, చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే పన్నెండు నెలల ఓపీటీ మీద ఇంకో ఇరవై నాలుగు వస్తాయి' అన్నాడు. లోన్ వాయిదాలు లెక్క వేసుకుని సరేనన్నాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా పెద్దమ్మ 'అంటే కంప్యూటర్సేనా?' అనడుగుతుంది. అవునంటే అబద్ధం, కాదంటే గంట. అటు సీఎస్ వాళ్ళు మమ్మల్ని ఎంబీఏ బాపతనుకుంటారు, ఎంబీఏ వాళ్ళు వైఫై బాగుచేసేవాళ్ళనుకుంటారు. ఇక్కడ ఈ డిపార్టుమెంటు 1974లో పెట్టారు. అప్పటికి నాన్న పలక పట్టుకుని బడికెళ్తున్నాడు.

మధ్యాహ్నం డేటాబేస్ క్లాసు. నార్మలైజేషన్. డేటాని టేబుళ్ళుగా అమర్చడం మీద 1970లో కాడ్ రాసిన పేపరు దగ్గర ఎత్తుకుని మూడో నార్మల్ ఫారం దాకా వచ్చారు. ఒక విషయం ఒక్కచోటే ఉండాలి, నాలుగు చోట్ల రాస్తే మారినప్పుడు నాలుగు చోట్లా మార్చాలి, ఒకటి మర్చిపోయామా మొత్తం అబద్ధం అయిపోతుంది అని చెప్తుంటే నాకు దస్తావేజు చివర్లో ఉండే షెడ్యూలు గుర్తొచ్చింది. తూర్పు: ఫలానా వారి పొలం. దక్షిణం: పంట కాలువ. పడమర: డొంక. ఉత్తరం: ఫలానా వారి మెరక చేను. ఆ ఫలానా వారు చేను అమ్మేస్తే? మన కాగితంలో వాళ్ళ పేరే ఉండిపోతుంది. సర్వే నంబరు ఉండగా పక్కవాళ్ళ పేర్లన్నీ ఎందుకు? ఇంతకంటే చెడ్డ టేబుల్ ఉంటుందా? చాలా తెలివైనదాన్నని అనిపించి నోట్సులో పెద్ద నక్షత్రం గీసుకున్నాను.

రాత్రి తొమ్మిదింటికి నాన్నకి ఫోన్ చేశాను. అరిజోనాలో మేముండే వైపు గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పరు కాబట్టి ఇంటికీ నాకూ మధ్య ఏడాది పొడుగునా పన్నెండున్నర గంటలే తేడా. అక్కడ తొమ్మిదిన్నర, అప్పుడే గది తాళం తీస్తున్నాడు.

"నాన్నా, ఒకర్ని తీసెయ్యమన్నారు బొమ్మలోంచి."

"ఎవర్ని?"

"నిన్నే."

కాసేపు నవ్వాడు. "తీసెయ్, దానిదేముందీ. ఐతే నా పనంతా ఎవరి గడిలో వేస్తున్నావు?"

అక్కణ్ణించి ఆయనే మొదలెట్టాడు. ఈసీ ఆన్‌లైన్లో వస్తోందిగా, కొట్టెయ్. చలానా ఫోన్లో కట్టొచ్చు, అదీ కొట్టెయ్. మార్కెట్ విలువ సైట్లో ఉంది, కొట్టెయ్. తన కొలువు తానే కత్తిరించుకుంటున్న మనిషికి ఉండాల్సిన బాధ గొంతులో మచ్చుకైనా లేదు. "1998లో కూడా ఇదే మాటమ్మా. ఇక మీ పని అయిపోయిందన్నారు."

ఆ ఏడాది నవంబరులో కార్డ్ పేరుతో ఉమ్మడి రాష్ట్రంలో రెండొందల పైచిలుకు రిజిస్ట్రారాఫీసుల్లోకి కంప్యూటర్లొచ్చాయి. ఈ-గవర్నెన్స్ పాఠాల్లో ఆ కథ ఇప్పటికీ చెప్తారు. రోజులు పట్టే ఈసీ నిమిషాల్లో చేతికొచ్చిందని రాస్తారు. అది నిజమేనంటాడు నాన్న, బస్తాల కొద్దీ పుస్తకాలు తిరగేసే బాధ తప్పిందంటాడు. డాక్యుమెంట్ రైటర్లు మాత్రం పోలేదు. నాన్న చేతిరాత మానేసి డీటీపీ నేర్చుకున్నాడు. ఇప్పటికీ అను ఫాంట్లలోనే కొడతాడు. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు కనబడే యూనికోడ్‌లోకి మారమని నేను రెండేళ్ళుగా పోరుతున్నాను. గురువారం క్విజ్‌కి చదవాల్సిన 1989 నాటి ఫ్రెడ్ డేవిస్ పేపరూ దీని గురించే: కొత్తది పనికొస్తుందనీ, వాడటం సులువనీ మనిషికి అనిపిస్తేనే వాడతాడట. నాన్నకి రెండూ అనిపించలేదు. ఇందాక నమూనా దస్తావేజు వాట్సాప్‌లో పంపితే నా లాప్‌టాప్‌లో తెలుగు బదులు చుక్కలూ ఇంగ్లీషు పొల్లు ముక్కలూ వచ్చాయి.

సరే, సరిహద్దుల సంగతెత్తాను. పక్కవాళ్ళ పేర్లు అనవసరం కదా, నంబరు చాలదా అని నార్మలైజేషన్ పాఠం ఒప్పజెప్పాను.

"నంబరు వేసేటప్పుడు ఒక్క అంకె తప్పు పడిందనుకో, అప్పుడు?" అన్నాడు. "కొలత తేడా వచ్చినా, నంబరు తేడా వచ్చినా కోర్టులో సామాన్యంగా నిలబడేది సరిహద్దులేనమ్మా. నాలుగు వైపులా నలుగురి పేర్లు రాసేది అందుకే."

నా నక్షత్రం ఆరిపోయింది.

మొన్న ఒక కాగితం వచ్చిందట. పడమర డొంక అని ఉంది. అనుమానమొచ్చి టీవీఎస్ వేసుకుని వెళ్తే డొంక లేదు. ఎప్పుడో ఎవరో చేల్లో కలిపేసుకుని వరి ఊడ్చేశారు. డొంక లేకపోతే పొలంలోకి బండి వెళ్ళే దారి లేదు. కొనేవాళ్ళేమో ఊళ్ళో ఉండరు.

"ఇది మీ బొమ్మలో ఏ గడి?"

"వాలిడేషన్ అంటాం నాన్నా."

"దాన్నేమంటారో గానీ, వెళ్ళి చూసి రావాలి." అంతలో బెంచీ మీదకి ఎవరో వచ్చినట్టున్నారు, మళ్ళీ చేస్తానని పెట్టేశాడు.

పదింటికి టీమంతా కాల్‌లో కూర్చున్నాం. నాన్న వరస తీసేశాను. మౌస్‌తో ఒక్క నొక్కు. కొట్టేయగలిగినవి కొట్టేశాక మిగిలిన ఏడు గడులూ ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా, అన్నీ కొనేవాడి వరసలోకి దిగాయి. ఇంతకుముందు అతనికి రెండే ఉండేవి, డబ్బివ్వడం, వేలిముద్ర వేయడం. రాసిచ్చిన నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషనుకి తేవాలన్న 1908 చట్టం గడువు కోసం గడియారం గుర్తు కూడా అతని నెత్తినే పెట్టాం. తైవాన్ అమ్మాయి చూసి, "ఇవన్నీ ఇతనికి తెలుసా?" అంది. తెలీదన్నాను. "మరెలా చేస్తాడు?" ఎవరికో డబ్బిచ్చి చేయించుకుంటాడన్నాను. ముగ్గురం కాసేపు ఏం మాట్లాడలేదు.

అప్పుడు ఇక్కడి అబ్బాయి తాపీగా చెప్పాడు, వాళ్ళ అమ్మావాళ్ళు ఇల్లు కొన్నప్పుడు ఇదంతా టైటిల్ కంపెనీ వాళ్ళు చేశారట. పాత కాగితాలు వెతకడం, ఎవరికైనా బాకీలున్నాయేమో చూడటం, సంతకాలు చేయించడం, కౌంటీ ఆఫీసులో నమోదు చేయించడం. దానికి ఫీజు కూడా బాగానే పుచ్చుకున్నారట. అంటే ఇక్కడా నాన్న ఉన్నాడన్నమాట. ఏసీ గదీ, మెత్తటి కుర్చీలతో.

ఇది ముందే ఎందుకు చెప్పలేదురా బాబూ అనాలనిపించింది. అప్పటికే పదకొండున్నర. లేన్ తిరిగి పెడితే టీఏతో గొడవ. తీసేసిన బొమ్మే ఉంచి, సరిహద్దుల గడి చుట్టూ చుక్కల గీత గీసి, 'పొలం దగ్గరికెళ్ళి చూసే బాధ్యత ఎవరిదో తేలలేదు' అని కింద ఒక ముక్క రాసి 11:52కి పంపించేశాం. మార్కులు ఎలా వేస్తాడో చూడాలి.

పడుకుందామంటే ఆకలి. కుక్కర్లో సాయంత్రం అన్నం ఉంది. నారింజకాయలు కోసి గింజలు తీసి పిండాను. ఇంగువ వాసనకి స్మోక్ అలారం ఎక్కడ మోగుతుందోనని కిటికీ తీసి పోపు పెట్టాను. ఫోన్ మోగితే చూశాను. నాన్న ఆ దస్తావేజు ప్రింటు తీసి, బెంచీ మీద పరిచి ఫొటో కొట్టి పంపాడు. మూలగా ఎవరిదో టీ గ్లాసు. 'నీకు ఫైలు ఓపెన్ అవటంలేదన్నావుగా' అని కింద వాయిస్ మెసేజ్.

రూమ్మేటు కళ్ళు నులుముకుంటూ వచ్చి పళ్ళెం పట్టుకుంది.

"బాపును తీసేసినవా మరి?"

తీసేశానన్నాను.

ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు తక్కువైంది" అంది.