స్కోరు తర్వాత అడుగుదాం
మా అమ్మాయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లే. అందులో వేసే చిన్న గుండు, అంటే పెల్లెట్టేమో 4.5. గుండె కొట్టుకున్నా గురి కదిలే ఆట ఇది. అలాంటిచోట ఒక్క షాట్‌కి ఏడు పాయింట్లే పడ్డాయంటే దవడ బిగుసుకుంటుంది, వేలు తొందరపడుతుంది, తర్వాతి షాట్ ఇంకా పక్కకు పోతుంది.

ఇంట్లో మనకు అలవాటైన పలకరింపు వేరు. వీడియో కాల్‌లో అమ్మమ్మ మొదట అడిగేది "ఎంత వచ్చిందే?" అని. అందులో ప్రేమ తప్ప ఇంకేం లేదు. మార్కులతో పెరిగిన తరం మనది. ఇక్కడి కోచ్ మాత్రం స్కోరు ఊసెత్తడు. ట్రిగ్గర్ ఎలా వదిలావు, పేలాక కూడా గురి మీదే ఉన్నావా అని అడుగుతాడు. ఈ రెండు ప్రశ్నల మధ్య పిల్ల నలిగిపోకూడదు. అందుకే కార్లో నేనడిగేది ఒక్కటే: "ఇవాళ కాల్చకుండా ఎన్నిసార్లు రైఫిల్ దించావు?"

దించడం ఓటమి కాదని పిల్లలకు నమ్మకం కుదరాలి. కొన్ని సెకన్లు దాటితే కన్ను అలసిపోతుంది, ఊపిరి చాలదు, 'కొట్టేస్తే పోలా' అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే రైఫిల్ దించి, రెండు శ్వాసలు తీసుకుని, పాదాల దగ్గర్నుంచి మళ్లీ సర్దుకోవాలి. పోటీలో 60 షాట్లకు గంటంపావు ఇస్తారు, అంత తొందరేం లేదు.

అమ్మమ్మకు మన షూటర్ మను భాకర్ సంగతి చెప్పాను. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో పోటీ మధ్యలో పిస్టల్ మొరాయించి ఫైనల్‌కి చేరలేకపోయిన అమ్మాయి, 2024లో పారిస్ నుంచి రెండు కాంస్యాలు తెచ్చింది. అమ్మమ్మకు అది బాగా పట్టింది. ఇప్పుడు "కుదురుగా నిలబడ్డావా తల్లీ?" అని అడుగుతోంది.

చిరాకు తగ్గని రోజు మా అమ్మాయి టార్గెట్ తిప్పేసి తెల్లకాగితం వైపు కాలుస్తుంది. వలయాలుండవు, లెక్కా ఉండదు, దెబ్బలన్నీ ఒకచోట పడుతున్నాయా అన్నదే చూస్తుంది. లేదంటే కోచ్ ముందు, పెల్లెట్ లేదని సరిచూసుకుని, ఉత్తినే ట్రిగ్గర్ నొక్కే డ్రై ఫైర్ చేస్తుంది. దెబ్బ ఎక్కడ పడిందన్న టెన్షన్ లేకపోతే ట్రిగ్గర్ మీద వేలు ఏం చేస్తోందో తనకే తెలుస్తుంది.

'ఇంకో డబ్బా పెల్లెట్లు కాల్చు, అదే వస్తుంది' అనే సలహా నాకు నచ్చదు. విసుగులో కాల్చిన ప్రతి షాటూ శరీరానికి తప్పునే నేర్పుతుంది. నాలుగు షాట్లు శుభ్రంగా వదిలితే చాలు, ఆ రోజుకి రైఫిల్ సర్దేసి ఇంటికొచ్చేస్తాం.