మా ఇంట్లోకి వేడి వచ్చే దారులు వెతికిన నా అనుభవం

కర్నూలులో కల్లూరు వైపున్న మా ఇల్లు ఒకే అంతస్తు. పైన నాలుగున్నర అంగుళాల స్లాబు, చుట్టూ తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. వేసవిలో పడమటి గదిలో రాత్రి పదకొండు దాటినా నిద్ర పట్టేది కాదు. సాయంత్రపు ఎండంతా పడమటి గోడే మోస్తోంది కాబట్టి తప్పంతా దానిదేనని ఇంట్లోవాళ్లూ ఇరుగుపొరుగూ తేల్చేశారు. ఒకటిన్నర టన్నుల ఏసీ తప్ప వేరే దారి లేదని దుకాణంలో చెప్పారు. అంత డబ్బు పెట్టే ముందు వేడి ఎటునుంచి ఎంత వస్తోందో తెలుసుకోవాలనిపించింది, ఎందుకంటే వచ్చే వేడిని కొంతైనా ఆపగలిగితే ఆ తరువాత ఏ యంత్రం కొన్నా చిన్నదే సరిపోతుంది.

వేడిని బొమ్మగా చూపే థర్మల్ కెమెరా నా స్తోమతకు మించినది. దానికి బదులు మోటారు మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, అందరూ గన్ను అని పిలిచేది, వెయ్యి రూపాయలకు కాస్త పైగా పెట్టి కొన్నాను. కరోనా కాలంలో నుదుటి దగ్గర పెట్టి చూసిన పరికరం ఈ పనికి రాదు. అది శరీరపు వేడి కోసం చేసినది, సాధారణంగా 43 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మా మిద్దె మధ్యాహ్నం దానికి ఎంతో పైన ఉంటుంది.

గన్ను గాలి వేడిని చూపదు, ఎదుటి వస్తువు ఉపరితలపు వేడినే చూపుతుంది. అందుకని గోడకు ఒక మామూలు థర్మామీటరు కూడా తగిలించాను. సున్నం, సిమెంటు, ఇటుక, చెక్క వంటి మెరుపు లేని వాటి మీద గన్ను లెక్క నమ్మదగినదే కానీ, స్టీలు తలుపు, అల్యూమినియం చట్రం వంటి వాటి మీద అది చాలా తక్కువ చూపుతుంది. అలాంటి చోట్ల నల్లని ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, కాసేపాగి ఆ టేపు మీద చూడాలి. దూరం నుంచి గురిపెడితే చుట్టుపక్కల వేడి కూడా కలిసిపోతుంది కాబట్టి అడుగు దూరంలోనే నిలబడి చూసేవాణ్ణి, పైకప్పుకైతే స్టూలెక్కి. నేను స్టూలెక్కి గన్ను పైకి పెట్టడం కిటికీలోంచి చూసిన పక్కింటాయన “ఏమన్నా, మిద్దెకు కూడా జరం చూస్తాండావా?” అని నవ్వాడు.

సీలింగు మీద, నాలుగు గోడల మీద, నేల మీద, కిటికీ అద్దం మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుని, తెల్లవారుజామున, మధ్యాహ్నం ఒంటి గంటకు, సాయంత్రం ఐదింటికి, రాత్రి పదింటికి అవే గుర్తుల మీద కొలిచి నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఈ పనిలో వేళకున్న ప్రాముఖ్యం పరికరానికి లేదు. మధ్యాహ్నం ఒక్కసారి చూసి వదిలేస్తే గోడలు, స్లాబు అన్నీ ఇంచుమించు ఒకేలా కనబడతాయి, ఎందుకంటే బయట పడిన ఎండ వాటిని దాటి లోపలి ముఖానికి చేరడానికి గంటలు పడుతుంది. స్లాబు సాయంత్రం ఐదింటికి లోపలివైపు 43 చూపింది, రాత్రి పదింటికి కూడా 39 దగ్గరే ఉంది. పడమటి గోడ ఇంకా నిదానం: అది సాయంత్రం దాకా చల్లగానే ఉండి, రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య 37 దాకా వచ్చింది. దక్షిణపు గోడ రోజంతా ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉంది.

ఇందులో వింతేమీ లేదని తరువాత అర్థమైంది. కర్నూలు సుమారు 15.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, కాబట్టి మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ తరువాత ఆగస్టు రెండో వారం దాకా కొద్దిగా ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. ఆ రోజుల్లో దక్షిణపు గోడను ఎండ తాకదు. పడమటి గోడను మధ్యాహ్నం దాటాకే తాకుతుంది. మిద్దె మాత్రం పొద్దు పొడిచినప్పటి నుంచి కుంకే వరకు ఎండలోనే ఉంటుంది. పైగా పడమటి గోడ ఒక గదికే ఉంది, స్లాబు ఇల్లంతా ఉంది. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇళ్ల ఇంధన పొదుపు నియమావళి ప్రకారం లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే, ఇంటి పైకప్పులోని ఒక్కో చదరపు మీటరు గుండా 1.2 వాట్లకు మించి వేడి దాటకూడదు. ఏ పొరా లేని మా వంటి స్లాబు అంతకు రెండింతలకు పైగానే దాటనిస్తుంది.

మిద్దె మీద బేతంచెర్ల బండలు పరిపించుకోమని ఒక మేస్త్రీ సలహా ఇచ్చాడు. పాత మిద్దెలు చల్లగా ఉండేవన్న మాట నిజమే కానీ, వాటిని చల్లగా ఉంచింది బండ కాదు, దూలాల మీద బండ పరిచి ఆపైన మందంగా పోసిన మట్టీ చౌడూ. ఉత్త బండ కూడా కాంక్రీటు లాగానే వేడిని దాటనిస్తుంది, ముదురు రంగుదైతే ఎండను ఇంకా ఎక్కువ తాగుతుంది. ఆ సలహా పక్కన పెట్టి సున్నం కొట్టించాలనుకున్నాను, అది కూడా ముందుగా పడమటి గదికి పైనున్న భాగానికి మాత్రమే. రాతిసున్నాన్ని రాత్రంతా నాననిచ్చి, వడగట్టి, అందులో కొంచెం తెల్ల సిమెంటు, కొంచెం జిగురు కలిపి, కడిగి ఆరిన మిద్దె మీద సాయంత్రం పూట రెండు పూతలు వేయించాను. సున్నం ఉడికేటప్పుడు కళ్లకూ చేతులకూ ప్రమాదం, పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు.

మరునాటి మధ్యాహ్నం రెండింటికి సున్నం లేని మిద్దె 61 చూపింది, సున్నం కొట్టిన చోట 46. కింద సీలింగుకు సాయంత్రానికి ఐదు డిగ్రీల తేడా వచ్చింది. ఒకే స్లాబు, ఒకే రోజు, పక్కపక్క గదులు కాబట్టి వాతావరణం మారిందేమో అన్న అనుమానానికి చోటు లేకపోయింది. మిగిలిన మిద్దెకు కూడా కొట్టించాను. మధ్యాహ్నం పైకి వెళ్తే కళ్లు మిరుమిట్లు గొలుపుతున్నాయి, సండిగలు (వడియాలు) మునుపటంత త్వరగా ఎండడం లేదని మా ఇంటావిడ ఫిర్యాదు; ఆమె ఫిర్యాదును నేను ఇంకో కొలతగా తీసుకున్నాను.

తరువాతి పనులు చిన్నవి. కిటికీ లోపలి తెరను నమ్ముకోవడం వృథా, ఎండ అద్దం దాటాక దాని వేడి గదిలోనే ఉండిపోతుంది. బయటివైపు ఆకుపచ్చ నెట్టు కట్టించాక అద్దం దగ్గరి నేల మీద వేడి తగ్గింది. ఈదురుగాలి ఉన్న మధ్యాహ్నం తలుపుల అంచుల వెంట అగరుబత్తి పట్టుకుని నడిస్తే, పొగ వంగిన చోటల్లా వడగాలి దూరుతున్నట్టు తెలిసింది. ఆ సందులకు నురగపట్టీ అంటించాను, తలుపు కిందికి రబ్బరు పట్టీ కొట్టించాను. రాత్రి బయటి గాలి గదికంటే చల్లబడే వేళ ఏదో థర్మామీటరే చెబుతోంది, అప్పుడే కిటికీలు తెరుస్తున్నాం. మా ఊరి ఏప్రిల్, మే గాలి పొడిది కాబట్టి ఏసీకి బదులు కూలరే కొన్నాం. కూలరు నడిచేటప్పుడు తేమగాలి పోవడానికి ఎదుటి కిటికీ మాత్రం తెరిచి ఉంచాలి.

ఇంకా తేలనిది సజ్జా సంగతి. కిటికీ పైన లింటెలు, బయటి సజ్జా కలిపి ఒకే కాంక్రీటుగా పోశారు కాబట్టి ఎండలో కాగిన సజ్జా వేడి లోపలి గోడలో ఒక పట్టీగా కనబడుతోంది, చుట్టుపక్కల ఇటుక కంటే రెండు డిగ్రీలు ఎక్కువ. దాని మీదా సున్నం కొడితే చాలునో లేదో చూడాలి. వానలకు మిద్దె మీది సున్నం ఎలాగూ కొట్టుకుపోతుంది కాబట్టి, శివరాత్రి దాటాక మళ్లీ వేయించేటప్పుడు సజ్జాలకు కూడా కలిపి కూలి మాట్లాడాను.