పెద్ద ఏ, చిన్న ఏ: పాస్‌వర్డు దగ్గర నా అనుభవం

కడప ఏడురోడ్ల చుట్టుపక్కల ఏ నెట్ సెంటరులో కూర్చున్నా తరచూ వినపడే మాట: “కరెక్టుగానే కొడతాండా సార్, రాంగ్ అంటాంది.” ఆ మనిషి చెప్పేది చాలాసార్లు నిజమే. అక్షరాలన్నీ ఉంటాయి, వరుస తప్పదు, అంకెలూ సరిపోతాయి. తిరకాసంతా ఏది పెద్దక్షరం, ఏది చిన్నక్షరం అనే దగ్గరే. ఇట్లాంటి పాస్‌వర్డులు సరిచేసీ చేసీ నాకు కుదిరిన పద్ధతి రాస్తున్నా.

మన కంటికి పెద్ద ఏ, చిన్న ఏ ఒకే అక్షరం. కంప్యూటరుకు అవి రెండు వేరే నంబర్లు. అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో పెద్ద ఏ 65, చిన్న ఏ 97. జెడ్ దాకా ఏ జత చూసినా తేడా 32. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకు ఇదేం కొత్త కాదు. అట్లా కొట్టే పద్ధతి ఆర్‌టీఎస్‌లో చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. కల రాయబోతే కళ పడినట్టే ఇదీ.

పద్ధతిగా నడిపే సైట్లు పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచవు, హాష్‌గా (వెనక్కి తిప్పలేని గజిబిజి వరుసగా) మార్చి దాస్తాయి. ఒక్క అక్షరం చిన్నది పెద్దదైనా హాష్ మొత్తం మారిపోతుంది. అందుకే “దగ్గరికొచ్చావు, మొదటి అక్షరం చూసుకో” అని ఏ సైటూ చెప్పదు.

నేను ముందు తేల్చుకునేది ఆ పాస్‌వర్డు ఎవరు పెట్టిందని. ఆఫీసువాళ్లు ఫైలుకు తాళం వేసి పంపిందైతే పెద్దదా చిన్నదా అన్నది వాళ్ల రూలు, మన ఊహ పనికిరాదు.

నెట్‌లో దించుకునే ఆధార్ పీడీఎఫ్, అంటే ఈ-ఆధార్ తీసుకోండి. పేరులో మొదటి 4 అక్షరాలు పెద్దవి, వెంటనే పుట్టిన సంవత్సరం. 1978లో పుట్టిన సుబ్బారెడ్డికి ఎస్, యు, బి, బి, 1978. కార్డు మీద పేరులో మొదటి అక్షరం పెద్దదిగా, మిగతావి చిన్నవిగా ఉంటాయి కాబట్టి చూసి కొట్టేవాళ్లు అట్లాగే కొడతారు, తెరుచుకోదు. అంతకంటే పెద్ద చిక్కు మన ఇంటిపేర్లది. కార్డు మీద వై, తర్వాత ఖాళీ, తర్వాత ఓబులేసు అని ఉంటే ఖాళీని లెక్కపెట్టకూడదు: వై, ఓ, బి, యు. వై పక్కన చుక్క ఉంటే మాత్రం ఆ చుక్కా ఒక అక్షరం కిందే లెక్క: వై, చుక్క, ఓ, బి. ఇంటిపేరు పూర్తిగా ముందుంటే నాలుగూ అందులోంచే తీసుకోవాలి. ఉమ లాంటి పేరొక్కటే ఉంటే మూడక్షరాలు, సంవత్సరం, అంతే. నంబరు కొంత దాచి ఇచ్చే మాస్క్‌డ్ ఆధార్‌కూ ఇదే తాళం.

ఆదాయపు పన్ను ఫైళ్లు దీనికి తలకిందులు. రిటర్ను వేశాక వచ్చే రసీదు ఐటీఆర్-వికి, తర్వాత శాఖ లెక్క సరిచూసి పంపే 143(1) ఇంటిమేషన్‌కు పాస్‌వర్డు: పాన్ నంబరు చిన్నక్షరాల్లో, దానికి అంటుకొని పుట్టిన తేదీ, నెల, సంవత్సరం 8 అంకెల్లో. మొత్తం 18. పాన్ కార్డు మీద అక్షరాలన్నీ పెద్దవే అచ్చయి ఉంటాయి కదా, ఎంత జాగ్రత్తగా చూసి కొడితే అంత కచ్చితంగా తప్పు పడుతుంది! ఈ-పాన్‌కు ఈ గొడవ లేదు, పుట్టిన తేదీ ఒక్కటే చాలు.

పీడీఎఫ్‌లో ఒక వెసులుబాటుంది. ఎన్నిసార్లు తప్పు కొట్టినా ఫైలు లాక్ కాదు, అది ఏ సర్వరునూ అడగదు. చుక్క పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి ధైర్యంగా ప్రయత్నించవచ్చు. బ్యాంకు సైటులో మాత్రం ఆ పని వద్దు. రెండుసార్లు తప్పంటే ఆగి, కీబోర్డు చూడాలి.

కీబోర్డు చూడటమంటే నోట్‌ప్యాడ్ తెరిచి అక్కడ కొట్టి చూడటం. పాస్‌వర్డు పెట్టెలో కనపడే చుక్కల వెనక ఏం పడుతోందో అప్పుడు తెలుస్తుంది. క్యాప్స్ లాక్ వెలిగి ఉండగా షిఫ్ట్ పట్టుకుంటే చిన్నక్షరం పడుతుంది. సెంటర్లలో కీబోర్డులు అరిగి ఒకవైపు షిఫ్ట్ పనిచేయదు, రెండోవైపుది నొక్కి చూడండి. అనుమానంతో షిఫ్టును వరసగా 5 సార్లు నొక్కితే స్టికీ కీస్ అని విండోస్ ఒక పెట్టె చూపిస్తుంది, దానికి నో అనండి. డీటీపీ చేసే సిస్టమైతే కీబోర్డు తెలుగులోనే వదిలేశారేమో కూడా చూసుకోవాలి. నోట్‌ప్యాడ్‌లో ఫాంటు కన్సోలాస్ పెట్టుకోండి. ఏరియల్‌లో పెద్ద ఐ, చిన్న ఎల్ రెండూ ఒకే నిలువుగీత. సున్నా, ఓ తేడా పాన్‌లో చోటును బట్టే తేలుతుంది: 5 అక్షరాలు, 4 అంకెలు, చివర ఒక అక్షరం. బ్యాంకు శాఖ కోడు ఐఎఫ్ఎస్‌సీలో అయిదోది ఎప్పుడూ సున్నానే, ఓ కాదు. చూడటం అయ్యాక నోట్‌ప్యాడ్‌ను సేవ్ చేయకుండా మూసేయండి.

ఫోనుది ఇంకో తంతు. కొడుకు బెంగళూరు నుంచి పాస్‌వర్డు వాట్సాప్‌లో పంపుతాడు. మెసేజి మొదట్లో ఉంది కాబట్టి కీబోర్డే మొదటి అక్షరాన్ని పెద్దది చేసి పెడుతుంది, పంపినవాడు గమనించడు. పాస్‌వర్డులో మాట చుట్టూ రెండు నక్షత్రం గుర్తులుంటే వాట్సాప్ వాటిని మింగి అక్షరాలను బొద్దుగా చూపిస్తుంది. సజెషన్ నొక్కి మాట ఎంచుకుంటే చివర ఖాళీ చేరుతుంది, అదీ పాస్‌వర్డులో భాగమైపోతుంది. అందుకే ఫోన్ చేసి “పెద్ద కే, చిన్న ఏ” అని ఒక్కొక్కటే చెప్పించుకుంటా. మెయిల్ ఐడీ దగ్గర అంత పట్టింపు అక్కర్లేదు, జీమెయిల్‌లో ఎట్లా కొట్టినా ఒకటే. పుట్టిన ఊరు ఏదని అడిగే సెక్యూరిటీ ప్రశ్న ఉంటే మాత్రం కడప స్పెల్లింగు 2005లో మారిందని గుర్తుంచుకోండి. పాత ఖాతాలో పాత స్పెల్లింగే ఉండొచ్చు.

కొత్త పాస్‌వర్డు పెట్టేటప్పుడు పెద్దక్షరం, అంకె, గుర్తు ఉండాలంటారు. వెంటనే పెద్ద కేతో కడప, పక్కన ఎట్ గుర్తు, 123. రూల్స్ అన్నీ పాసవుతుంది, దొంగ ముందు కొట్టి చూసేదీ అదే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఇట్లాంటి కలగాపులగపు నిబంధనలు వద్దని, పొడవు ముఖ్యమని చెప్పింది. లెక్క చూడండి: పెద్దవి, చిన్నవి, అంకెలు కలిపి 62 రకాలతో 8 స్థానాలు నింపడానికి ఉన్న దారుల కంటే, ఒట్టి చిన్నక్షరాలతో 12 స్థానాలు నింపే దారులు 400 రెట్లకు పైనే. అక్షరాలు గుడ్డిగా ఎంచుకుంటేనే ఈ లెక్క, పేరో ఊరో పెడితే కాదు.

నేను చెప్పేది ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు, అన్నీ చిన్నక్షరాల్లో. కానీ ఇంగ్లీషులో ఒకే రకంగా రాసే మాటలు ఎంచుకోవాలి. గంప, బండ పరవాలేదు. పాలు, తోట వద్దు: ఒక ఏనా రెండా, హెచ్ ఉందా లేదా అని తర్వాత తల పట్టుకుంటారు. సైటు పెద్దక్షరం కావాలని పట్టుబడితే మూడో మాట మొదట్లో పెట్టండి. కాగితం మీద రాసుకునేవాళ్లు పెద్దక్షరం కింద గీత గీసుకోవాలి, సున్నాకు అడ్డగీత కొట్టుకోవాలి. చేతిరాతలో సీ, ఎస్, డబ్ల్యూ పెద్దవో చిన్నవో రాసినవాళ్లకే తెలియదు.

మార్చాక మళ్లీ రాంగ్ అంటే బ్రౌజరు పాతదాన్నే నింపుతోందేమో చూడండి. సొంత సిస్టమైతే సేవ్ అయిన పాతది తీసేయాలి. నెట్ సెంటరులో అయితే సేవ్ చేయాలా అని అడిగినప్పుడు నెవర్ నొక్కండి.