ప్రేయర్ బెల్ కొట్టాక పదిహేను నిమిషాలు

చెన్నైలో రెండు మూడొందల మంది పిల్లలుండే చిన్న క్రిస్టియన్ హైస్కూళ్లలో ప్రేయర్ డ్యూటీ ఎవరో ఒకరి నెత్తినే పడుతుంది. తెలుగు టీచర్ అయితే మరీ త్వరగా అంటగడతారు, చర్చిలో పాడతారు కదా అని. కొత్తగా ఆ పని ఎత్తుకున్నవాళ్ల కోసం ఇది.

ప్రేయర్ పాడైతే సగం తప్పు శ్రుతిది. ఆరు నుంచి పది దాకా అందరూ ఒకేసారి పాడాలి. ఆరో తరగతి గొంతులు సన్నగా ఉంటాయి, ఎనిమిది తొమ్మిదిలో మగపిల్లల గొంతు మారుతూ ఉంటుంది. టీచర్ తన గొంతుకు హాయిగా ఉన్నచోట ఎత్తుకుంటే వెనక వరసలు నోరు కదిలిస్తాయి, అంతే. కీర్తనలో అన్నిటికన్నా పై స్వరం ఏదో ముందే చూసుకోండి. కీబోర్డు మీద నడిమి సి తర్వాత వచ్చే పై సి, మహా అయితే డి, దాటకూడదు. దాటితే ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే) బటన్‌తో రెండు మెట్లు దించండి. కీర్తన అయిన వెంటనే దాన్ని సున్నాకు తేవడం మరిచిపోతే జనగణమన పాతాళంలో మొదలవుతుంది. జనగణమనకు షడ్జమం (స) సి దగ్గర పెట్టుకుంటే చాలు. ‘జయ హే’ దగ్గర పై షడ్జమం తగులుతుంది కాబట్టి, ఎఫ్‌లో ఎత్తుకుంటే అక్కడ పాట పోయి అరుపు మిగులుతుంది.

తమిళ్ తాయ్ వాళ్త్తుకు (తమిళతల్లి స్తుతి గీతానికి) ఈ బాధ తక్కువ. మోహన రాగం, తిస్ర నడక (మూడేసి దెబ్బల లయ), మన చెవికి అలవాటైనవే. 2021 డిసెంబరులో తమిళనాడు దాన్ని రాష్ట్ర గీతం చేసినప్పుడు 55 సెకన్లలో పాడాలని చెప్పింది. జనగణమనకు 52 సెకన్లు. రెండూ కలిపినా రెండు నిమిషాలు పట్టవు. మరి ప్రేయర్ అరగంట ఎందుకు సాగుతుందంటే, అనౌన్స్‌మెంట్ల వల్ల. రోజుకు మూడే అని హెచ్.ఎం.తో ముందే మాట్లాడుకోండి. ఫీజు కట్టనివాళ్ల పేర్లు మైకులో చదవడం మాత్రం ఏ స్కూల్లోనైనా సిగ్గుచేటే.

బైబిలు పఠనానికి ఐదారు వచనాలు చాలు. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు ఉన్నాయి కాబట్టి తేదీని బట్టి అధ్యాయం ఎంచుకునే పద్ధతి సులువు. అయితే 5, 7 తేదీల్లో జాగ్రత్త: అవి వ్యభిచారం గురించి హెచ్చరించే అధ్యాయాలు, ఆరో తరగతి పిల్ల చేత చదివిస్తే వరసల్లో కిసుకిసలే. ఆ రోజుల్లో బైబిల్లోని కీర్తనల గ్రంథం నుంచి ఏదైనా చదివించండి. ఎంపిక పిల్లలకు వదిలేస్తే ఎవడో ఒకడు 176 వచనాల 119వ కీర్తన తెరుస్తాడు.

తెలుగింటి పిల్లలు తమిళంలో చదివేటప్పుడు క, గ దగ్గర తడబడతారు. తమిళంలో రెంటికీ అక్షరం ఒకటే. మాట మొదట్లోనూ ఒత్తు పడినచోటా క, అనునాసికం (ముక్కుతో పలికే అక్షరం) తర్వాత గ. ఇది చెప్పకపోతే ‘అంగే’ని ‘అంకే’ అంటారు. ముందురోజు తమిళ మిస్ దగ్గర ఒక్కసారి చదివిస్తే సరిపోతుంది.

క్రైస్తవులు కాని పిల్లల విషయం: రాజ్యాంగం 28(3) ప్రకారం, ప్రభుత్వ గుర్తింపో ఎయిడో ఉన్న స్కూల్లో మైనరు పిల్లలు మతబోధలో, ఆరాధనలో పాల్గొనాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. అడ్మిషన్ అప్పుడే దాన్ని రాతపూర్వకంగా తీసుకోమని కరస్పాండెంట్‌కు గుర్తుచేయండి.

మైకు కుయ్యిమంటోందంటే స్పీకర్ బాక్స్ మైకు వెనక ఉందన్నమాట. బాక్సుల్ని మైకు కంటే ముందుకు, పిల్లల వైపు తిప్పి పెట్టాలి. జూన్ ఎండలో మోకాళ్లు బిగబట్టి నిలబడ్డ పిల్లలు, టిఫిన్ మానేసి వచ్చినవాళ్లు, కళ్లు తిరిగి పడిపోతారు. నీడలో పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి, పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో నీళ్లు పోయొద్దు.

అక్టోబరు, నవంబరు వానల్లో గ్రౌండు చెరువే. వరండాల్లో నిలబెట్టి పాడిస్తే కింది అంతస్తు ఒక తాళంలో, పై అంతస్తు ఇంకో తాళంలో పోతాయి, కీబోర్డు వినపడక. దాన్ని మెట్ల మలుపులో పెడితే రెండు అంతస్తులకూ అందుతుంది. అప్పటికీ కుదరకపోతే ఆ రోజుకు కీర్తన మానేసి, ప్రార్థన, జనగణమనతో సరిపెట్టండి.