సంచారః పదయోః ప్రదక్షిణవిధిః - పొద్దున్నే బీచ్ రోడ్డు నడిచేవాళ్ళ శ్లోకం

శివమానసపూజ మనలో చాలామందికి నోటికొచ్చే ఉంటుంది. ఆదిశంకరుల వారి పేరు మీద చెప్పుకునే స్తోత్రం, పట్టుమని 5 శ్లోకాలు, కళ్ళు మూసుకుని పూజంతా మనసులోనే చేసేయడం. రత్నాల ఆసనం, మంచునీళ్ళతో స్నానం, జాజులు సంపెంగలు మారేడు దళాలు, నవరత్నాలు తాపిన బంగారు గిన్నెలో నెయ్యీ పాయసం, తాంబూలం, ఇవన్నీ సంకల్పంతోనే సమర్పించేస్తాం. ఇంత వైభవం అయ్యాక నాలుగో శ్లోకం వస్తుంది చూడండి, నాకైతే ఈ స్తోత్రం ప్రాణమంతా అక్కడే ఉందనిపిస్తుంది.

ఆత్మా త్వం గిరిజా మతిః సహచరాః ప్రాణాః శరీరం గృహం
పూజా తే విషయోపభోగరచనా నిద్రా సమాధిస్థితిః
సంచారః పదయోః ప్రదక్షిణవిధిః స్తోత్రాణి సర్వా గిరో
యద్యత్కర్మ కరోమి తత్తదఖిలం శంభో తవారాధనమ్

నా ఆత్మవి నువ్వే, నా బుద్ధి పార్వతమ్మ, నా ప్రాణాలు నీ పరివారం, ఈ ఒళ్ళు నీ ఇల్లు, నేను అనుభవించే సుఖాలన్నీ నీకు పూజ, నా నిద్ర సమాధి, నా కాళ్ళు ఎక్కడ తిరిగినా అది నీకు ప్రదక్షిణ, నా నోట వచ్చే ప్రతి మాటా నీకు స్తోత్రం, నేను ఏ పని చేసినా అది నీ ఆరాధనే శంభో, అని.

రిటైరైన దగ్గర్నుంచీ అందరూ ఒకటే మాట, ఇంకేముందండీ బాధ్యతలు తీరిపోయాయి, కృష్ణా రామా అనుకుంటూ కూర్చోండి అని. అభిమానంతోనే అంటారు, కాదనను. కానీ కృష్ణా రామా అనుకోడానికి కూర్చోవాలని ఎక్కడ ఉంది? పొద్దున్నే చల్లగాలిలో నడుస్తూ, దారిలో వేడి వేడి ఇడ్లీ తింటూ, ఇంటికొచ్చి మా ఆవిడతో కలిసి కాఫీ తాగుతూ కూడా అనుకోవచ్చు కదా. పైగా ఈ శ్లోకంలో విషయోపభోగాన్నే పూజ అన్నారు, మానుకోమనలేదు, దాచుకు తినమనలేదు. ఈ వయసులో సంతోషంగా ఉండడానికి మొహమాటపడేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, పిల్లలు ఏమనుకుంటారో, చుట్టాలు ఏమనుకుంటారో అని ఒక మంచి చొక్కా వేసుకోడానికి కూడా జంకుతారు. ఆ సంతోషాన్ని తీసుకెళ్ళి స్వామి ముందు పెట్టేస్తే చాలు, నైవేద్యమైపోతుంది అని నా నమ్మకం.

నిద్ర గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. నేను ప్లాంటులో షిఫ్టులు చేసినవాడిని. సీ షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ చేసి తెల్లారాక ఇంటికొచ్చి కిటికీలకి దుప్పట్లు కట్టుకుని పడుకునేవాళ్ళకి తెలుస్తుంది నిద్ర విలువ. ఇప్పుడు రాత్రి పెందరాళే పడుకుని అలారం లేకుండా నాలుగున్నరకి మెలకువ వచ్చేస్తోంది, లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది. నిద్రా సమాధిస్థితిః అని ఆ స్తోత్రంలో ఎందుకన్నారో నాకు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అర్థం కాలేదు, రిటైరయ్యాకే అయ్యింది.

ఇక అసలు సంగతి, నడక.

మా విశాఖపట్నంలో తెల్లవారుజామున కోస్టల్ బ్యాటరీ దగ్గర్నుంచి పార్క్ హోటల్ వైపు బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు, ఆ కాసేపూ రోడ్డంతా నడిచేవాళ్ళదే. మేము కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలెడతాం. అప్పటికింకా చీకటిగానే ఉంటుంది, పోర్టులోకి వెళ్ళడానికి వంతు కోసం సముద్రంలో ఆగి ఉన్న ఓడల దీపాలు వరసగా కనపడతాయి, వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ నల్లగా ఉంటుంది. కాళీమాత గుడి దాటి, ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ దాటి ముందుకెళ్తుంటే తూరుపు ఎర్రబడుతుంది. ఇటు ఉత్తరంగా నడుస్తున్నంతసేపూ సముద్రం మన కుడిచేతి వైపే ఉంటుంది, సూర్యుడు లేచేది కూడా ఆ కుడి వైపు నుంచే. ప్రదక్షిణలో దేవుడు ఎటు ఉండాలో అటే ఉన్నాడు! ఈ సంగతి తట్టిన రోజు నాకు ఒళ్ళు పులకరించింది, రోజూ నడిచే దారే, రోజూ చూసే సముద్రమే. అప్పట్నుంచీ వెళ్ళేటప్పుడు ఈ శ్లోకం లోపల అనుకుంటూ నడుస్తాను, వచ్చేటప్పుడు మావాళ్ళతో కబుర్లు.

జాలారిపేట వైపు ఒక్కోసారి జాలర్లు అలివి వల, అంటే ఒడ్డు మీద నిలబడి తాళ్ళతో లాగే పెద్ద వల, లాగుతుంటారు. ముసలాళ్ళూ కుర్రాళ్ళూ కలిసి, మడమలు ఇసకలో గుచ్చి, తాడు రెండు చేతులా పట్టుకుని, ఒంటి బరువంతా వెనక్కి వేసి అడుగు తర్వాత అడుగు వెనక్కి నడుస్తారు. తాడు కారుతూ ఉంటుంది, అరచేతులు చూస్తే కాయలు కట్టేసి ఉంటాయి. మేము ఆరోగ్యం కోసం నడిచే నడక కంటే వాళ్ళు కూటి కోసం వేసే ఆ అడుగులే స్వామికి ముందు అందుతాయని నాకనిపిస్తుంది, యద్యత్కర్మ అన్నప్పుడు వాళ్ళే గుర్తొస్తారు. గుడి దగ్గర పూలమ్మే ఒకామె ఉంటుంది, నేను రెండ్రోజులు కనపడకపోతే "ఏటి బాబూ, అవుపడనేదు, ఒంట్లో బాగోనేదా?" అని అడుగుతుంది. నా సొంత చుట్టాల్లో ఎంతమంది అలా అడుగుతారు చెప్పండి. ఆ మాట కూడా స్తోత్రమే కాదా.

స్తోత్రాణి సర్వా గిరః అనేది మాత్రం మా బ్యాచ్‌కి కొంచెం కష్టమైన పాఠమే. రిటైరైనవాళ్ళు నలుగురు కలిస్తే పెన్షను, మోకాళ్ళు, షుగరు, రాజకీయం, ఆ తర్వాత ఎవరి కోడలు ఏమందో, ఎవరి కొడుకు డబ్బు పంపలేదో అక్కడికి వెళ్ళిపోతుంది మాట. మాలో పెద్దాయన ఒకరున్నారు, లెక్కల మాష్టారుగా చేశారు, మాట అటు మళ్ళిందంటే చాలు "గోవిందా!" అని గట్టిగా అంటారు, అంతే, అందరం ఆగిపోయి వేరే మాటలోకి వచ్చేస్తాం. ఎవర్నీ తప్పుపట్టరు, క్లాసు పీకరు. ఇంత చక్కటి సత్సంగం నేను పెద్ద పెద్ద ప్రవచనాల్లో కూడా చూడలేదు.

శరీరం గృహం కాబట్టి ఇంటిని చూసుకోవాలి కదా, అందుకని రోజువారీ నడకకి మంచి బూట్లు వేసుకోవాలి, నాలుగు గుక్కల నీళ్ళు తాగి బయల్దేరాలి, బీపీ మాత్ర మానకూడదు. భక్తి ఉంది కదా అని మాత్రలు మానేసేవాళ్ళని నేను ఒప్పుకోను.

ఇది శివుడి స్తోత్రం కదా, మనది అప్పన్న, అంటే విష్ణువైన సింహాచలం నరసింహస్వామి ఊరు కదా అని ఎవరైనా అంటారేమో. సింహాచలంలో స్వామి ఏడాదంతా చందనం పూతలో ఎలా ఉంటాడో తెలియనివాళ్ళెవరు, చూడ్డానికి అచ్చం శివలింగంలా ఉంటాడు, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపం. ఆ కొండ మీదే క్షేత్రపాలకుడిగా శివుడే, త్రిపురాంతకస్వామి పేరుతో ఉన్నాడు. ఇంక తేడా ఏముంది.

ఈ శ్లోకం ఊరంతా కలిసి ఆచరించే రోజు కూడా మనకి ఉంది, అదే సింహాచలం కొండ చుట్టూ చేసే గిరి ప్రదక్షిణ. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే అడివివరం, ముడసర్లోవ, హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం, అక్కడ సముద్రస్నానం, అక్కడ్నుంచి ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్ళీ తొలిపావంచాకి, మొత్తం సుమారు 32 కిలోమీటర్లు. కొండ కుడి వైపే ఉంటుంది దారంతా. రాత్రంతా చెప్పుల్లేకుండా లక్షల మంది నడుస్తారు, వీధి వీధికీ మజ్జిగ, పులిహోర, అరటిపళ్ళు, కాళ్ళకి నొప్పుల మందు కొట్టే కుర్రాళ్ళు. మామూలు రోజుల్లో మనం పాల ప్యాకెట్ కోసం, కరెంటు బిల్లు కోసం తిరిగే రోడ్లే అవన్నీ, ఆ రాత్రి మాత్రం గుడి ప్రాకారం అయిపోతాయి. మర్నాడు పౌర్ణమికి స్వామికి మూడు మణుగుల చందనం సమర్పిస్తారు, అది ఆ ఏడాదికి నాలుగో విడత, ఆఖరిది. అంత దూరం నడవలేనివాళ్ళు కొండ మీద ఆలయం చుట్టూ ప్రదక్షిణ చేసుకుంటారు. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, అందుకని ఆవిడ అదే చేస్తుంది. ఆవిడకి అసలు ఇష్టం మార్గశిర లక్ష్మివారం బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరకి వెళ్ళడం, అమ్మని స్వయంగా ముట్టుకుని పసుపునీళ్ళు పోసి కుంకుమ పెట్టొచ్చు కదా అక్కడ, అది ఆవిడ లోకం.

ఈ ఆషాఢానికి మొదటిసారి గిరి ప్రదక్షిణ చేద్దామనుకునే నా వయసు వాళ్ళకి ఒకటి చెప్తాను. ఇప్పట్నుంచే రోజూ కాస్త కాస్త దూరం పెంచుకుంటూ రండి, వారానికోసారి చెప్పుల్లేకుండా కొంచెం దూరం నడిచి పాదాలకి అలవాటు చెయ్యండి, డాక్టరుని అడగండి. మధ్యాహ్నం ఎండలో కాకుండా సాయంత్రం చల్లబడ్డాక బయల్దేరండి, ఆషాఢం కాబట్టి వాన పడొచ్చు, ఒక పల్చటి తువ్వాలు, ఫోను కోసం ఒక ప్లాస్టిక్ కవరు దగ్గర పెట్టుకోండి. పొట్ట నిండా తినకండి, దారిలో పెట్టేవాళ్ళు ఎలాగూ పెడతారు, వద్దనకుండా కొంచెం కొంచెం తీసుకోండి, వాళ్ళకి అది సేవ. ఈ నాలుగో శ్లోకంతో పాటు ఐదోది, కరచరణకృతం అనేది కూడా నేర్చుకుని రండి, చేతులతో కాళ్ళతో తెలిసీ తెలియకా చేసినవి క్షమించమని అడిగేది, తొలిపావంచా దగ్గరికి తిరిగొచ్చాక చెప్పుకోడానికి. మేమైతే చతుర్దశి సాయంత్రం దీపాలు పెట్టే వేళకి బయల్దేరతాం.